మాటల సీటు

మా ఇంట్లో నోరు లేనిది ట్రక్కు ఒక్కదానికే. దానికీ హారన్ ఉందనుకోండి.

మాది పుచ్చకాయల వ్యాపారం. తోటల దగ్గర కాయలు కొని, మా చిన్న ట్రక్కులో వేసుకుని, పట్నం మార్కెట్‌కి తీసుకెళ్ళి అమ్మడం. కాపు ఉండేది ఎండాకాలం ఒక్కటే, ఆ కాస్త కాలంలో సంపాదించిందే ఏడాదంతా కూర్చుని తినాలి. మార్కెట్‌కి ఏ బండి ముందు చేరితే ఆ బండికి గేటు పక్కన నీడ దొరుకుతుంది. నీడలో ఉన్న కాయ నవనవలాడుతుంది. ఎండలో ఉన్న కాయని తట్టి చూసే దిక్కు కూడా ఉండదు. అందుకని మా ఆయన పగలంతా తోటలో కాయలు మోసి, సాయంత్రం లోడు కట్టి, ఓ కునుకు తీసి, తెల్లవారకముందే బండి తీసేవాడు. కునుకంటే కునుకే. చెప్పులు విడిచీ విడవకముందే మళ్ళీ తొడుక్కోవాల్సి వచ్చేది.

అందుకే మా మామయ్య కాలం నుంచీ మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. డ్రైవర్ పక్కన ఒక మనిషి కూర్చోవాలి. ఆ మనిషి చెయ్యాల్సిన పని మాట్లాడటం. డ్రైవర్ కన్ను మూతపడకుండా దారి పొడుగునా వాగుతూనే ఉండాలి. దాన్ని మేం మాటల సీటు అంటాం. మామయ్య బతికున్నన్నాళ్ళూ ఆయన పక్కన మా అత్తయ్య, ఇప్పుడు కొడుకు పక్కనా మా అత్తయ్యే. మార్కెట్‌లో ఆవిణ్ణి అందరూ రేడియో అత్త అంటారు. అన్యాయం కాకపోతే, రేడియోకి స్విచ్ ఉంటుంది కదా.

నన్నూ ఓసారి ఆ సీట్లో కూర్చోబెట్టి చూశారు. లాభం లేకపోయింది. పెళ్ళాం మాటలకి ఊ కొట్టడం మా ఆయన నిద్రలో కూడా చెయ్యగలడు. అత్తయ్య దారి వేరు. ఆవిడ కబుర్లు చెప్పదు, పోట్లాట పెట్టుకుంటుంది. "నీ పెళ్ళికి మీ చిన్నాన్నని సరిగ్గా పిలవలేదు" అని మొదలుపెడితే, మార్కెట్ గేటు కనపడేదాకా ఆ చిన్నాన్నని వదలదు. "పోట్లాడేవాడికి నిద్రెలా పడుతుందే?" అనేది ఆవిడ సిద్ధాంతం.

ఆ ఏడు కాపు విరగ్గాసింది. మా ఆయన వాడిపోయిన కాడలా తయారయ్యాడు. ఒక సాయంత్రం స్నానానికెళ్ళిన మనిషి ఎంతకీ రాడు. తలుపు తోసి చూస్తే, గోడకి ఆనుకుని నించునే నిద్రపోతున్నాడు. బకెట్ నిండి పొంగిపోతోంది, ఆయనకి తెలీదు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక అత్తయ్య మీద చూపించాను.

"అత్తయ్యా, మనిషి ఉసూరుమంటున్నాడు. పొద్దున్నే లేచి ఆయన్ని కాల్చుకు తినకండి."

"నేను కాల్చుకు తింటున్నానా?" చేతిలో గ్లాసు కింద పెట్టింది. "సరే తల్లీ. రేపట్నుంచి నోరు కుట్టేసుకుంటాను. నీ మొగుడు, నీ ఇష్టం."

అన్నంత పనీ చేసింది. మర్నాడు పొద్దున బండెక్కి, మూతి ముడుచుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ అంత దూరం మాట్లాడకుండా ప్రయాణం చెయ్యడం అదే మొదలు.

పట్నం మొదట్లో, రోడ్డు మలుపు దగ్గర ఒక టైలర్ కొట్టుంది. అందరూ ఆయన్ని మాస్టారు అంటారు. ఒంటరి మనిషి, కొట్టు వెనకే గది. ఆ పొద్దున షట్టర్ ఎత్తి, మెట్టు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. మా ట్రక్కు మలుపు తిరగలేదు. నేరుగా వస్తోంది. అత్తయ్య ఎందుకో ఇటు తిరిగి చూసేసరికి కొడుకు గడ్డం ఛాతీ మీద వాలి ఉంది.

"ఒరే!" అని అరిచింది. ఆవిడ జీవితంలో ఆడిన అతి చిన్న మాట అదే.

మా ఆయన ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. మాస్టారు నోట్లో బ్రష్షుతోనే పక్కకి దూకి కాలవలో పడ్డాడు. ట్రక్కు ఆయన కూర్చున్న మెట్టునీ, షట్టర్ అంచునీ నుజ్జు చేసి, కొట్టులోకి ముక్కు పెట్టి ఆగింది. వెనక తలుపు ఊడిపోయి పుచ్చకాయలు వీధి వీధంతా దొర్లాయి. జనం నిద్రమొహాలతో బయటికొచ్చి, ముందు కాయలు పట్టుకుని, తర్వాత మాస్టార్ని పట్టుకున్నారట. ఆయన కాలవలో కూర్చునే, పక్కన పగిలిన కాయ చూసి, "పర్లేదు, ఎర్రగానే ఉంది" అన్నాడట.

నేను తమ్ముడి బండి మీద ఆస్పత్రికి పరిగెత్తాను. మాస్టారి చీలమండ విరిగింది. కట్టు కట్టారు. మంచం పక్కన మా ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు, కానీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడే," అన్నాడు నన్ను చూడగానే. "సరిగ్గా అక్కడే. దూకకపోయుంటే..."

మా ఆయన చెయ్యి పట్టుకుని పక్కనే కూలబడ్డాను.

పోలీసులు కేసు రాసుకున్నారు. కొద్ది రోజుల్లో కోర్టుకి రమ్మన్నారు. లైసెన్సు పోతే మా బతుకు పోయినట్టే. మా వీధిలో అందరికీ ఆ సంగతి తెలుసు. మా తమ్ముడికి ఇంకా బాగా తెలుసు, వాడు పనికి సెలవు పెట్టి మరీ మా ట్రక్కు బాగుచేయించి, పట్టపగలు కాయలు తోలుతూ, సలహాలు కూడా ఉచితంగా ఇచ్చేవాడు. లైసెన్సు జేబులోనే ఉన్నా మా ఆయన స్టీరింగ్ ముట్టుకోలేదు.

"బావా, కుక్క అడ్డొచ్చిందని చెప్పు" అన్నాడు తమ్ముడు.

"కుక్క లేదు కదరా."

"కుక్క లేకపోతే లైసెన్సూ ఉండదు. ఆలోచించుకో."

నాకు ఆ ముక్క నచ్చింది. అత్తయ్యకీ నచ్చింది. మేమిద్దరం ఒక మాట మీద నిలబడటం మా పెళ్ళయ్యాక అదే తొలిసారి. ముగ్గురం కలిసి మా ఆయన్ని లాయరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాం. ఆవిడ చిన్న గదిలో పెద్ద టేబుల్ వెనక కూర్చుని అంతా వింది.

"ఏ రంగు కుక్క?" అని అడిగింది.

"నల్లది" అన్నాడు తమ్ముడు.

"గోధుమ రంగు" అంది అత్తయ్య, అదే క్షణంలో.

లాయరమ్మ కళ్ళజోడు తీసింది. "రెండు కుక్కలా?"

"ఒక్కటేనండీ, మచ్చలది" అన్నాను నేను, సర్దుదామని.

"ముందు ఆ కుక్కని ఇంటికి పంపించెయ్యండి," అంది లాయరమ్మ. తర్వాత మా ఆయన వైపు తిరిగింది. "చూడు బాబూ. నిద్రపోయినందుకు చట్టం తప్పు పట్టదు. నిద్రపోతున్నవాడికి ఏం తెలుస్తుంది? నిద్ర వస్తోందని తెలిసి కూడా బండి ఆపలేదే, అక్కడుంది తప్పు. ఎప్పుడూ లేనిది ఆ రోజే, ఉన్నట్టుండి కళ్ళు మూతపడ్డాయంటే వాదించడానికి కాస్త చోటుంటుంది. నీకలా జరిగిందా?"

మా ఆయన గోళ్ళు చూసుకున్నాడు.

"అచ్చం అలాగే జరిగిందండీ" అన్నాను.

"నేను ఆయన్ని అడిగానమ్మా" అంది లాయరమ్మ.

ఇంటికొచ్చి అత్తయ్యకి పాఠం చెప్పాం. సాక్షి ఆవిడే కదా. "మా వాడికి బండి మీద నిద్ర రాదు, ఆ రోజే ఏదో అయింది." అంతే. ఇంక ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడకూడదు. ఆవిడ నోట్లో నువ్వు గింజ నానదని తెలుసు కాబట్టి, పొద్దునా సాయంత్రం అప్పగించుకున్నాం. ఆవిడ ప్రతిసారీ, "మా వాడికి నిద్రొస్తే నేను ఊరుకుంటానా?" అని చివర్న ఒక తోక తగిలించేది. నేను నెత్తి కొట్టుకునేదాన్ని.

మరోపక్క స్కూళ్ళు తెరిచే రోజులు దగ్గరపడుతున్నాయి. మాస్టారి కొట్టు నిండా పిల్లల యూనిఫాంల గుడ్డ. విరిగిన కాలితో మిషను తొక్కలేడు, తొక్కకపోతే ఆ ఏటి బేరమంతా పక్క వీధి కొట్టుకి పోతుంది. మా ఆయన మెట్టు కట్టించాడు, షట్టర్ బిగించాడు, ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే మిషను పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. మాస్టారు కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపుకుని పైన గుడ్డ తిప్పుతుంటే, మా ఆయన కింద తొక్కేవాడు. రోజూ అదే పని.

ఒక మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్ళాను.

"మెల్లగా!" అంటున్నాడు మాస్టారు. "అది కాలరు, నీ ఘాట్ రోడ్డు కాదు. ఆపు!" మా ఆయన టక్కున ఆపాడు. మాస్టారు నా వైపు తిరిగి, "ఇప్పుడు ఆపమంటే ఆపుతున్నాడమ్మాయ్, బాగుపడ్డాడు" అని పగలబడి నవ్వాడు. మా ఆయనా నవ్వాడు. ఆస్పత్రి రోజు తర్వాత ఆయన నవ్వగా చూడటం అదే మొదలు, నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత మాస్టారు సూదిలోకి దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా అన్నాడు: "ఏదో మచ్చల కుక్క అడ్డొచ్చిందటగా తల్లీ? ఇన్నేళ్ళుగా ఈ వీధిలో ఉన్నాను, నాకెప్పుడూ కనపడలేదు. కనపడితే చెప్పు, దానికీ ఓ గౌను కుట్టిపెడతాను."

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా? నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆయన పెడల్ మీద కాళ్ళు పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు.

వచ్చే దారిలో అన్నాడు, "రోజూ నిజం చెబుదామనే వెళ్తాను. ఆయన మొహం చూస్తే నోరు రాదు."

"కోర్టయ్యేదాకా నోరు రాకపోవడమే మంచిది," అన్నాను. "ఇల్లు ఎలా గడుస్తుందో మీకేమైనా పట్టిందా?"

"పట్టబట్టే ఇన్నాళ్ళూ నిద్రపోలేదు" అన్నాడు.

కోర్టు రోజున అత్తయ్య మంచి చీర కట్టుకుంది. బోనెక్కి మేం నేర్పిన ముక్క గడగడా అప్పగించింది. తోక కూడా తగిలించలేదు. నేను హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు అవతలి లాయరు లేచాడు. కుర్రవాడు, తేనె పూసిన గొంతు.

"అమ్మా, ఈ వయసులో రోజూ అంత దూరం ప్రయాణం మీకెందుకండీ? ఇంట్లో హాయిగా కూర్చోవచ్చుగా?"

అత్తయ్యకి ఎక్కడో చురుక్కుమంది. తనని దండగ మనిషి కింద లెక్కగట్టాడనుకుంది.

"నేను హాయిగా కూర్చుంటే బండి నడిచినట్టే! స్టీరింగ్ వాడు తిప్పుతాడు బాబూ, వాణ్ణి నేను తిప్పుతాను."

గది గొల్లుమంది. జనం నవ్వితే అత్తయ్యకి పూనకమే. మా లాయరమ్మ దగ్గింది, నేను కళ్ళతో సైగలు చేశాను, తమ్ముడు ఏకంగా తుమ్మాడు. ఏం లాభం? రేడియో మోగడం మొదలైంది.

"మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన పక్కన నేనే, ఇప్పుడు వీడి పక్కనా నేనే. వీడు రెప్ప వాల్చాడో లేదో అందుకుంటాను. మా ఇంట్లో దానికి మాటల సీటని పేరు కూడా ఉంది. అలా ఎవరి ఇంట్లో ఉందో చూపించండి! నేను నోరు మూసుకున్నది ఆ ఒక్క రోజే. చూశారుగా ఏమైందో?"

లాయరమ్మ కళ్ళు మూసుకుంది. అవతలి లాయరు ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు. జడ్జిగారు మాత్రం కలం పక్కన పెట్టి, నెమ్మదిగా అడిగారు.

"అయితే అమ్మా, బండి నడిపేటప్పుడు మీ అబ్బాయికి నిద్ర వస్తుందని మీ ఇంట్లో ముందునుంచీ తెలుసన్నమాట."

అత్తయ్య నోరు తెరిచింది. నా వైపు చూసింది. అంత భయం ఆవిడ కళ్ళల్లో నేనెప్పుడూ చూడలేదు. కన్నకొడుకుని తన నోటితోనే ఇరికించానని అప్పుడర్థమైంది ఆవిడకి. నాకు కోపం రావాలి, రాలేదు. లేచి వెళ్ళి ఆవిణ్ణి బోనులోంచి దింపి తీసుకొచ్చెయ్యాలనిపించింది.

"తెలుసండీ," అన్నాడు మా ఆయన, లేచి నిలబడి. "అందరికంటే నాకే బాగా తెలుసు. ఆ రోజు దారిలోనే రెండుసార్లు కళ్ళు మూతపడ్డాయి. ఆపి పడుకోవచ్చు. గేటు దగ్గర నీడ పోతుందని ఆపలేదు. అమ్మ మాట్లాడకపోవడం వల్ల జరగలేదండీ. ఆవిడ తప్పేం లేదు, మా ఆవిడ తప్పూ లేదు. స్టీరింగ్ నా చేతిలో ఉంది."

అని, ముందు వరసలో కర్రలు పక్కన పెట్టుకుని కూర్చున్న మాస్టారి వైపు తిరిగాడు.

"మాస్టారూ, కుక్క లేదండీ."

"తెలుసురా," అన్నాడు మాస్టారు. "కూర్చో."

జడ్జిగారు మాస్టార్ని కూడా అడిగారు, ఏమైనా చెప్పుకుంటారా అని. ఆయన కర్రల మీద లేచి, "తప్పు తప్పేనండీ, వెయ్యాల్సిన శిక్ష వెయ్యండి. లోపల మాత్రం వెయ్యకండి. నా యూనిఫాంలు ఎవరు తొక్కుతారు?" అన్నాడు. జడ్జిగారు మొహం కిందికి దించుకుని ఏదో వెతుక్కున్నారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

లైసెన్సు ఏడాదిపాటు రద్దయింది. జరిమానా పడింది. మాస్టారు మళ్ళీ సొంతంగా మిషను తొక్కేదాకా ఆయన వైద్యం, నష్టం మా ఆయన మీదే పెట్టారు. బయటికొచ్చాక నేను ఏడుస్తాననుకున్నాను. చిత్రం, ఒంటి మీంచి మూట దించినట్టుంది. మా ఆయన మొహంలో రంగు తిరిగొచ్చింది.

అత్తయ్యే నోరు విప్పలేదు. బస్సులో కిటికీ పక్కన బొమ్మలా కూర్చుంది. ఈసారి అలక కాదని మా ఇద్దరికీ తెలుసు. మా ఆయన ఆవిడ పక్కన చేరాడు.

"అమ్మా, ఏదో ఒకటి తిట్టు. నువ్విలా ఉంటే నాకు బస్సులో కూడా నిద్రొస్తోంది."

"నా నోరే కొంప ముంచిందిరా నాన్నా."

"ముంచలేదు, ఒడ్డుకేసింది. చిన్నాన్నని పిలవని సంగతి చెప్పు, చాన్నాళ్ళైంది విని."

ఆవిడ కళ్ళొత్తుకుంది. "పడుకో," అంది. "ఇది నువ్వు నడపట్లేదుగా."

ఆయన తల్లి భుజం మీద తల పెట్టి, నోరు తెరిచి, మా స్టాపు వచ్చేదాకా నిద్రపోయాడు. ఆవిడ ఆ భుజం కదపలేదు. బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా అరచేయి ఆయన చెంపకి అడ్డం పెట్టింది.

తమ్ముడి సెలవు అయిపోయింది. తోటలో ఇంకా ఆఖరి కోత మిగిలింది. ఆఖరి కోత కాయ ఒక్క ఎండ కూడా ఆగదు, ఆ రోజే అమ్ముడుపోవాలి, ఆ ఒక్క లోడు బాగా పోతేనే జరిమానాకి తెచ్చిన చేబదులు తీరేది. కూలికి ఒక డ్రైవర్ని మాట్లాడాను. కోరమీసాల మనిషి, మార్కెట్‌లో మంచి పేరున్నవాడు. చెప్పిన వేళకే వచ్చాడు. లోడు సిద్ధం. నేను తాళం చేతికిచ్చాను. అత్తయ్య తలకి గుడ్డ చుట్టుకుని, బండెక్కబోతూ ఆగి, ఆయన మొహంలోకి చూసింది.

"రాత్రి పడుకున్నావా బాబూ?"

"ఎక్కడ పెద్దమ్మా? ఇంకో లోడు దింపి ఇటే వస్తున్నా. ఏం పర్లేదు, మీరున్నారుగా. మీ మాటల ముందు నిద్రెవరికి వస్తుంది?"

ఈ మాట మునుపైతే అత్తయ్యకి సన్మానంతో సమానం. ఆవిడ మెట్టు మీంచి కాలు దించింది. ఆయన చేతిలోంచి తాళం లాక్కుని బొడ్లో దోపుకుంది.

"నేను మాట్లాడను," అంది. "ముందు గదిలో చాప వేసుంది. పో, పడుకో."

"అత్తయ్యా!" అని గొంతు చించుకున్నాను. "ఆఖరి లోడు! గేటు దగ్గర నీడ—"

ఆవిడ వేలు పెదాల మీద పెట్టుకుంది. డ్రైవర్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పిచ్చివాళ్ళ ఇంటికొచ్చానా అనుకున్నాడేమో, లోపలికెళ్ళాడు. క్షణంలో గురక వినిపించింది. అత్తయ్య గది గుమ్మం ముందు స్టూలు వేసుకుని కూర్చుంది.

తెల్లారింది. పాలవాడు గంట కొట్టబోతే చెయ్యెత్తి ఆపింది. పక్కింటావిడ కుక్కర్ కూత పెడితే గోడ మీంచి కళ్ళెర్రజేసింది. మా ఆయన మాస్టారి కొట్టుకి బయల్దేరుతూ సైకిలు స్టాండు తియ్యకుండానే రెండు చేతులా ఎత్తి గుమ్మం దాటించాడు. ఎండ ట్రక్కు మీదికి పాకుతోంది. మార్కెట్‌లో నీడ ఈపాటికి ఎవరో ఒకరు కొట్టేసి ఉంటారు. నేను మళ్ళీ ఏదో అనబోయాను.

"ష్!" అంది మా రేడియో అత్తయ్య, గొంతు పెంచకుండా. "డ్రైవరు పడుకున్నాడే."

ఎవరి బిడ్డో, ఏ తల్లి కొడుకో, లోపల గుర్రుపెడుతున్నాడు. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కావలి కాస్తోంది. అత్తయ్య మీద అంత ప్రేమ నాకు అంతకు ముందెప్పుడూ పొంగలేదు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, కాయల మీద తడి గోనెలు కప్పడానికి మునివేళ్ళ మీద నడిచాను.